చల్లారక ముందే తీసిన రాళ్లు

మా వంటింట్లో బియ్యం డబ్బా వెనక ఒక పాత బిస్కెట్ల డబ్బా పన్నెండేళ్లు ఉంది. అందులో ముప్పై నాలుగు నల్లరాతి ముక్కలు. ఒక్కొక్కటి అంగుళం ఎత్తు, అంగుళం మందం, గుండ్రంగా కోసినవి. అన్నీ కలిపితే కిలో పైచిలుకు. ఇల్లు కడిగినప్పుడల్లా, బియ్యం డబ్బా జరిపినప్పుడల్లా అది నా చేతికి తగిలేది. ఇవేమిటని మా ఆయన ఒకసారి అడిగాడు. ల్యాబులో పారేసిన రాళ్లు, పచ్చడి జాడీ మీద బరువుకు పనికొస్తాయని తెచ్చానన్నాను. జాడీ మీద వాటిని ఒక్కనాడూ పెట్టలేదు. పెడితే ఆ పచ్చడి నాకు సయించదని తెలుసు.

కిలో బరువు ఎవరైనా మోస్తారు. నేను మోసింది దాన్ని కాదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. దేవుడికి ఎప్పుడో చెప్పుకున్నాను. దేవుడికి చెప్పడం సులువు. ఆయన ఎదురు ప్రశ్న వేయడు.

మాది చేవెళ్ల. నగరంలో ఒక పరిశోధన సంస్థలో టెక్నీషియన్‌ని. రాళ్లలో ఉండే అయస్కాంతాన్ని కొలిచే ల్యాబు మాది. రాయికి అయస్కాంతమేంటని మా చర్చిలో ఆడవాళ్లు ఇప్పటికీ నవ్వుతారు. నవ్వనీయండి. నల్లరాయి భూమి లోపలి నుంచి కరిగి పైకొచ్చి చల్లారుతుంది చూశారా, ఆ చల్లారే వేళ భూమి అయస్కాంతం ఏ దిక్కున ఉందో ఆ దిక్కును తనలోని సన్నటి ఇనుప రేణువుల్లో పట్టి ఉంచుకుంటుంది. కోట్ల ఏళ్లయినా వదలదు. మళ్లీ బాగా కాలిస్తే వదిలేస్తుంది. వదిలి, చల్లారేటప్పుడు అప్పుడు దగ్గరున్న దిక్కును పట్టుకుంటుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి. నా తప్పు మొత్తం దానిలోనే ఉంది.

ఇక అతను. పేరు రాయను. ల్యాబులో నేను తమ్మీ అని పిలిచేదాన్ని, ఇక్కడా తమ్ముడనే అంటాను. మొయినాబాద్ పక్క రైతు కొడుకు. ఆ ఇంట్లో డిగ్రీ దాటినవాడు అతనొక్కడే. పీహెచ్‌డీకి అతను ఎంచుకున్న రాయి ఎక్కడిదో కాదు, వాళ్ల సొంత చేలోది. ఎర్రటి బండల నడుమ గోడ కట్టినట్టు నల్లరాయి పొడుగ్గా సాగి ఉండేది. చుట్టుపక్కల పొలాలన్నీ అప్పటికే ఫామ్‌హౌసులయ్యాయి. వాళ్ల చేనుకూ బేరం వచ్చింది. రాయి తీసేసి చదును చేసి ఇమ్మన్నారు కొనేవాళ్లు. వాళ్ల నాన్న ఒప్పుకోలేదు. రాళ్లు తీయడానికి మేం వెళ్లిన రోజున ఆయన కాల్చిన మక్కబుట్టలు చేతికిస్తూ నాతో అన్నాడు: “నా కొడుకు సదువు గా రాయిల ఉన్నదమ్మా. అది అయిపోయేదాంక ఎవ్వలను ముట్టనియ్య.”

ఆ రోజు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంటుంది. నీళ్లు పోస్తూ డ్రిల్లుతో రాతిలోకి దిగితే గుండ్రటి కడ్డీ ఒకటి తయారవుతుంది, అడుగున మాత్రం ఇంకా బండను అంటుకునే ఉంటుంది. దాన్ని విరిచేలోపలే దిక్కు చూడాలి. చీలిక ఉన్న గొట్టం దాని మీదికి తొడిగి, మట్టం చూసి, కంపాస్ అంకె చదివి, చీలికలోంచి ఇత్తడి తీగతో రాతి మీద గీత గీయాలి. విరిచాక ఆ గీతే ఆధారం. అది తప్పితే ఆ రాయి ఏ దిక్కుకు నిలబడి ఉండేదో భూమ్మీద ఎవరూ చెప్పలేరు. తమ్ముడు మోకాళ్ల మీద కూర్చుని ఒక్కసారే చదివేవాడు. రెండోసారి చూసేవాడు కాదు. అతను అంకె చెప్పడం, నేను తిరిగి అనడం, పుస్తకంలో రాయడం. ముప్పై ఏడు కడ్డీలు. కంపాస్ మీద అతని చెయ్యి వణకడం నేను చూడలేదు. ఇది గట్టిగా చెబుతున్నాను. ఎందుకంటే ఆనాడు చెప్పాల్సిన చోట చెప్పలేదు.

ల్యాబులో ఒక్కో కడ్డీ మీది గీతకు బాణం గుర్తు వేసి, దాన్ని రెండు ముక్కలు కోస్తాం. పై ముక్క పరీక్షకు. కింది ముక్క దాచిపెడతాం, ఎప్పుడైనా అనుమానం వస్తే చూసుకోవడానికి. ముందుగా మూడు కడ్డీలను, రెండేసి ముక్కలూ కలిపి, మెల్లమెల్లగా వేడి పెంచుతూ పరీక్షించాడు. మూడూ ఒకే దిక్కు చూపాయి. తమ్ముడి ముఖం వెలిగిపోయింది. మిగిలిన ముప్పై నాలుగింటి పై ముక్కలనూ ఐదు వందల నలభై డిగ్రీలకు ఒకేసారి కాల్చి కొలవాలి. అంత వేడికి తర్వాత్తర్వాత అంటుకున్న మకిలంతా పోయి, పుట్టినప్పటి దిక్కు మిగులుతుంది. కాల్చే పెట్టెకు భూమి అయస్కాంతం లోపలికి రాకుండా దళసరి రేకు తొడుగు ఉంటుంది. అందులోనే ఉంచి చల్లార్చాలి. నలభై నిమిషాలు. వేడి మీద బయటికి తీస్తే రాయి బయటి దిక్కును పట్టేసుకుంటుంది. ఇది మా ల్యాబులో మొదటి రోజు నేర్పే పాఠం. కొత్తగా వచ్చిన వాళ్లకు నేర్పేది నేనే.

అది శనివారం. మధ్యాహ్నం తమ్ముడికి ఇంటి నుంచి ఫోన్ వచ్చింది, చేను హద్దులు కొలవడానికి సర్వేయర్ వచ్చాడని. వెళ్తూ వెళ్తూ, “అక్కా, మంచిగ సల్లారినంకనే తియ్యి” అన్నాడు. “నాకు నేర్పుతున్నవా తమ్మీ?” అని నవ్వాను.

ఆ సాయంత్రం మా చర్చిలో స్త్రీల సమాజం కూటం. నేను సాక్ష్యం చెప్పాల్సిన రోజు. దేవుడు తమ జీవితంలో చేసిన మేలును లేచి నిలబడి చెప్పుకోవడం మాకు ఆనవాయితీ. అప్పటికి తొమ్మిదేళ్లుగా కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాను. ఆ వారమే నన్ను పర్మనెంటు చేసే ఫైలు కదిలింది. అది చెప్పాలి. అందరూ వినాలి. నాలుగున్నర బస్సు దొరికితే నేరుగా చేవెళ్లలో దిగుతాను. అది తప్పితే మొయినాబాద్ దాకా ఒకటి, అక్కణ్ణుంచి ఆటో, నేను వెళ్లేసరికి ప్రార్థన కూడా అయిపోతుంది. గడియారం చూశాను. పెట్టెను చూశాను. ఏం కాదులే అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? ఏమవుతుందో తెలిసి కూడా తెలియనట్టు చేతిని పంపించానా? పన్నెండేళ్లుగా నన్ను నేనే అడుగుతున్నాను. పట్టకారుతో ట్రే బయటికి లాగి, సెగలు కక్కుతున్న రాళ్లను టేబుల్ మీద ఫ్యాన్ కింద పెట్టి, పెట్టె స్విచ్ కట్టేసి పరుగెత్తాను. బస్సు దొరికింది. సాక్ష్యం బ్రహ్మాండంగా చెప్పాను. పాస్టరమ్మ కళ్లు తుడుచుకుంది.

సోమవారం తమ్ముడు కొలిచాడు. కొలతకు పొలంలో చదివిన దిక్కును కలిపితే గుండ్రటి పటం మీద ఒక్కో ముక్కకు ఒక్కో చుక్క పడుతుంది. రాయి మంచిదై, పని సరిగ్గా ఉంటే చుక్కలన్నీ ఒకచోట గుమిగూడతాయి. ఇవి కోడి కెలికిన నూకల్లా పటమంతా చెల్లాచెదురుగా పడ్డాయి. తమ్ముడి గైడు, మా పెద్దసారు వచ్చి చూశారు. పెట్టె సరిగ్గానే చల్లారిందా అని నన్ను అడిగారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన మాట పూర్తికాకముందే “సల్లారింది సార్” అన్నాను. అయితే తప్పు పొలంలోనే జరిగిందన్నారు. దిక్కులు తప్పుగా చదివి గీతలు గీస్తేనే ఇట్లా వస్తుందన్నారు. మంచిగా వచ్చిన మూడూ అదృష్టం కొద్దీ వచ్చి ఉంటాయన్నారు. నలుగురి ముందు తమ్ముడితో, “నీ చేతికి దిక్కు తెలియదయ్యా” అన్నారు.

అందరూ వెళ్లాక నేనొక్కదాన్నే కంప్యూటర్ ముందు కూర్చున్నాను. అవే కొలతలను పొలం దిక్కులతో కలపకుండా, ముక్క మీది బాణాన్ని బట్టి మాత్రమే చూసే వీలుంటుంది. ఒక్క మీట నొక్కితే చాలు. నొక్కాను. చుక్కలన్నీ పరుగున వచ్చి ఒకచోట కూర్చున్నాయి. పొలంలో ఒక్కో కడ్డీ ఒక్కో వైపుకు ఉండేది, ట్రేలో మాత్రం బాణాలన్నీ ఒకే వైపు పెట్టి కాలుస్తాం. కాబట్టి ఆ రాళ్లన్నీ కలిసి చూపుతున్నది మా గదిలో టేబుల్ మీది ఉత్తరాన్ని. తమ్ముడి గీతల్లో ఏ తప్పూ లేదు. ఫ్యాన్ కింద చల్లారిన శనివారం సాయంత్రం మాత్రమే వాటిలో ఉంది. పెద్దసారు ఆ మీట నొక్కలేదు. తమ్ముడూ నొక్కలేదు. ఎందుకు నొక్కుతాడు? సరిగ్గా చల్లారిందని అక్క చెప్పింది కదా.

మర్నాడు నా సీటు దగ్గరికి వచ్చాడు. రాత్రంతా నిద్రపోలేదని కళ్లు చెబుతున్నాయి.

“అక్కా, రెండో ముక్కలు ఉన్నయి గద? వాటిని కొలుద్దాం.”

“లేవు తమ్మీ.”

“లేవా?”

“మొన్న స్టోర్ సాఫ్ చేసినప్పుడు పడేసిన్రు. నేను గూడ సూస్కోలే.”

“అన్నీనా?”

“అన్ని.”

 కుడిచేతిని తిప్పి, ఎవరిదో చెయ్యి చూసినట్టు చూసుకున్నాడు. “అయితే నా చెయ్యే సక్కగ లేదేమో అక్కా” అన్నాడు.

ఆ మాట అంటున్నప్పుడు ముప్పై నాలుగు ముక్కలూ నా కాళ్ల దగ్గర డ్రాయర్లోనే ఉన్నాయి. నా మోకాలు ఆ డ్రాయర్‌కు ఆని ఉంది.

పెట్టె తెరవడం తొందర. మనిషన్నాక తొందరపడతాడు, దాన్ని నేను ఎప్పుడో క్షమించుకున్నాను. లేవు అన్నది తొందర కాదు. ఉన్నాయంటే కొలుస్తారు. కొలిస్తే చుక్కలు ఒకచోట పడతాయి. పడితే పెట్టె తెరిచింది ఎవరని అడుగుతారు. నా ఫైలు ఇంకా సంతకం కాలేదు. ఇన్ని లెక్కలూ వేసుకునే “లేవు” అన్నాను. ఆ సాయంత్రం అన్నం క్యారియర్ సంచిలో వాటిని సర్దుకుని ఇంటికి తెచ్చాను. బస్సులో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఎవరు పలకరించినా ఉలిక్కిపడుతూ.

అప్పటికైనా అంతా పోలేదు. రాయి ఇంకా చేలో ఉంది. మళ్లీ తీస్తాడు, సర్దుకుంటుంది అనుకున్నాను. అలా అనుకుని కొన్నాళ్లు నిద్ర కూడా పోయాను. కానీ తమ్ముడు మళ్లీ డ్రిల్లు పట్టలేదు. ఇంకొన్ని నెలలు ఆగమని వాళ్ల నాన్నకు చెబితే ఆయన కోపంగా కాదు, మామూలుగానే అడిగాడట: “మల్ల తప్పు సూస్తె ఎట్ల బిడ్డా?” ఆ మాట తమ్ముడే ల్యాబుకు వచ్చి చెప్పాడు. “రాయి తీసేయుమన్న అక్కా” అన్నాడు. రాతిని పేల్చి క్రషర్‌కు తోలారు. చేను చదునైంది. ఇప్పుడక్కడ ఎత్తైన ప్రహరీ, లోపల పచ్చగడ్డి. గేటు దగ్గర వాచ్‌మెన్ ఉంటాడు. తమ్ముడు పుస్తకాలు సర్దుకుని వెళ్లిపోయాడు. పొలంలో నేను అంకెలు రాసిన నోటుబుక్కు మాత్రం ల్యాబులోనే వదిలేశాడు. ఇక తనకెందుకు అనుకున్నాడేమో.

నా ఉద్యోగం పర్మనెంటయింది. ఏటా సాక్ష్యం చెబుతూనే ఉన్నాను. దేవుడు నాకు ఇల్లిచ్చాడు, పిల్ల చదువిచ్చాడు, ఆరోగ్యమిచ్చాడు. అన్నీ నిజాలే. నిజాలు చెప్పి కూడా అబద్ధమాడవచ్చని నాకు తెలిసినంతగా మా సంఘంలో ఎవరికీ తెలియదు.

మొన్న ఎండాకాలం వంటింటి గట్టుకు బండ వేయించుకుందామని, చిల్కూరు వెళ్లే దారిలో ఒక గ్రానైట్ దుకాణానికి వెళ్లాను. బండ కొలుస్తున్న మనిషి తలెత్తాడు. తమ్ముడు. చెవుల దగ్గర నెరిసింది. అక్కా అని ఎంత సంతోషంగా పిలిచాడో! కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. దుకాణం బావమరిదిదట, తను చూసుకుంటున్నాడట. నాన్న పోయి రెండేళ్లయిందన్నాడు. ఆఖరుదాకా ఆయన ఎవరొచ్చినా, మావాడు పెద్ద సదువు సదివిండు గానీ దిక్కులే తప్పు సూసిండు అని నవ్వుతూ చెప్పేవాడట. అది చెబుతూ తనూ నవ్వాడు. నేను టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను.

తర్వాత నా బండ కొలిచాడు. టేపు పట్టాడు, అంకె చూశాడు. మళ్లీ పట్టాడు. మూడోసారీ పట్టాడు. అప్పుడు నన్ను పిలిచి, “అక్కా, జర నువ్వు సూడు. నా చెయ్యి మీద నాకు నమ్మకం లేదు” అన్నాడు. వచ్చిన ప్రతివాళ్లనూ ఇలాగే అడుగుతాడట. కొలత తప్పింది ఒక్కటీ లేదని బావమరిది పక్కనుంచి నవ్వాడు. కంపాస్‌ను ఒక్కసారే చూసి అంకె చెప్పే మనిషి. ఆ చేతి మీద నమ్మకం తీసేసింది నేను. చదువు పోతే ఇంకో పని దొరుకుతుంది. సొంత చేతిని నమ్మకుండా ఒక మనిషి పన్నెండేళ్లు ఎలా బతికాడు? టేపు నా చేతిలో ఉంది, అంకె అలుక్కుపోయింది. సరిగ్గానే ఉందన్నాను. ఆ రోజు అంతకుమించి చెప్పలేకపోయాను.

ఇంటికొచ్చి బియ్యం డబ్బా జరిపాను.

సెలవు రోజున అనుమతి తీసుకుని ల్యాబు తెరిచాను. తాళాలు, ఫోను బయట పెట్టి, జడపిన్నులు తీసి డబ్బాలో వేసి లోపలికి వెళ్లాను. కొలిచే గదిలోకి ఇనుప ముక్క తీసుకెళ్లకూడదు. ముక్కలను ట్రేలో పేర్చాను, కాల్చాను. చల్లారే నలభై నిమిషాలూ పెట్టె ముందు స్టూలు మీద కూర్చున్నాను. అవి ఎంత తొందరగా అయిపోయాయో మీకు ఎలా చెప్పను? ఒక్కో ముక్కనూ కొలిచి, పాత నోటుబుక్కులోంచి అతను చెప్పిన, నేను రాసిన అంకెలు ఎక్కించాను. పటం మీద చుక్కలు ఒకటొకటిగా పడ్డాయి. ముప్పై నాలుగూ ఒక్కచోట. అరచేతితో మూస్తే కనబడవు. నా అరచేతితో మూసే కూర్చున్నాను. చాలాసేపు ఏడ్చాను. అతని చెయ్యి సరిగ్గా ఉంది. ముప్పై నాలుగుసార్లూ సరిగ్గా ఉంది.

ఆ కాగితం పది రోజులు బైబిల్లో పెట్టుకున్నాను. మళ్లీ దాచే ఆలోచనే కదా ఇది అని నాకే అసహ్యమేసింది. పదకొండో రోజున కాగితం, డబ్బా తీసుకుని దుకాణానికి వెళ్లాను. అతని ముందు రెండూ పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పాను. తీసిన సంగతి, లేవన్న సంగతి, డ్రాయర్ సంగతి. తల వంచుకుని చెప్పలేదు. ముఖం చూస్తూనే చెప్పాను. అంతమాత్రం చేయగలిగాను.

కాగితాన్ని చాలాసేపు చూశాడు. చుక్కల మీద వేలు పెట్టాడు. అతను తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

“ఎందుకు తీసినవ్ అక్కా?”

“నాలుగున్నర బస్సుకు తమ్మీ.”

డబ్బా మూత తీసి ఒక ముక్క పట్టుకున్నాడు. దాని మీది బాణం అతను వేసిందే. బొటనవేలితో దాన్ని రెండుసార్లు రుద్దాడు.

“సల్లారెటందుకు నలభై నిమిషాలే గదక్కా” అన్నాడు.

అవునన్నాను.  అప్పుడే ఒకాయన మెట్లకు బండలు కావాలని లోపలికి వచ్చాడు. తమ్ముడు ముక్కను డబ్బాలో పెట్టి, కాగితాన్ని నాలుగు మడతలు చేసి చొక్కా జేబులో పెట్టుకుని లేచాడు. బండ మీద టేపు పరిచాడు. చూశాడు. మళ్లీ పరిచాడు. మూడోసారీ పరిచాడు. వద్దు తమ్మీ, ఇక అడగకు అని లోపల మొత్తుకుంటున్నాను.

“సార్, జర మీరు సూడున్రి” అన్నాడు.

నేను బయటికి వచ్చేశాను. నావైపు అతను చూడలేదు. క్షమించమని నేను అడగలేదు, అడిగే ముఖం నాకు లేదు. వచ్చే శనివారం స్త్రీల సమాజంలో నా వంతు ఉంది. ఇదే చెబుతాను. వాళ్లకంటే ముందు మీకు చెప్పాను. వేడి మీద ఆ పెట్టె తెరిచింది నేను. ముక్కలు దాచింది నేను. అతని చెయ్యి ఎప్పుడూ తప్పలేదు. వాళ్ల నాన్నకు చెప్పే వీలు మాత్రం ఇక లేదు.